కాలి నరాల ఉబ్బు: పెద్దాసుపత్రిలో కోయించాలా, ప్రైవేటులో లేజరా?

దోసె_పెనం
నాన్నకి 56. హోటల్లో పెనం దగ్గర పొద్దస్తమానం నిలబడే పని. ఎడమ పిక్క మీద నరాలు తాళ్లలా మెలికలు తిరిగి లేచాయి. లోపలి చీలమండకి నాలుగు వేళ్ల పైన చర్మం నల్లబడి, అక్కడే రూపాయి బిళ్లంత పుండు. రెండు నెలలైనా మానట్లేదు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు రెండు కాళ్లకీ లేజర్ చేయాలి, లక్షా నలభై వేలు అన్నారు. కుడి కాలికి ఏ బాధా లేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో అయితే కోసి నరం లాగేస్తారట, అది పాత పద్ధతి, మళ్లీ వస్తుందని చుట్టాల మాట. తెల్ల కార్డు ఉంది. విడిగా ఒక ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఉంది, తీసుకుని పద్నాలుగు నెలలు. షుగర్ లేదు, బీడీ ఉంది. ఎటు వెళ్లాలి?

పొడిదగ్గు
ముందు బీడీ దగ్గర్నుంచి ఇవతలికి రమ్మను.

డాప్లర్_గది
డాప్లర్ అంటే సిరల్లో రక్తం ఎటు పోతోందో చూసే స్కాన్. ఆ రిపోర్టులో ఏముందో రాయండి. అది చూడకుండా లేజరా కోతా అని తేల్చడం జాతకం చూడకుండా ముహూర్తం పెట్టడమే.

దోసె_పెనం
రిపోర్టులో రెండే లైన్లు. "ఎడమ కాలిలో వేరికోస్ వెయిన్స్ ఉన్నాయి, పర్ఫొరేటర్లు లీకవుతున్నాయి. డీవీటీ లేదు." అంతే. పడుకోబెట్టి తీశారు, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

డాప్లర్_గది
అయితే మళ్లీ తీయించాల్సిందే. పడుకోబెట్టి చూసేది లోపలి సిరల్లో గడ్డ (డీవీటీ) ఉందా లేదా అన్నదానికి. రక్తం వెనక్కి జారకుండా సిరలో ఉండే వాల్వు కారుతోందా అన్నది మాత్రం మనిషిని నిలబెట్టి చూడాలి. బరువంతా రెండో కాలి మీద వేసి, చూసే కాలు కాస్త వంచి వదులుగా పెట్టాలి. పిక్కని చేత్తో నొక్కి వదిలితే రక్తం పైకి వెళ్లి ఆగాలి. వెనక్కి జారుతుంటే ఎంతసేపు జారిందో సెకన్లలో కొలుస్తారు. పైసిరల్లో అర సెకను దాటితే వాల్వు పోయినట్టు. తొడలో, మోకాలి వెనక ఉండే పెద్ద లోపలి సిరల్లో అయితే ఒక సెకను.

రిపోర్టులో ఇవి కచ్చితంగా ఉండాలి: గజ్జలో పెద్ద పైసిర (జీఎస్‌వీ) లోపలి సిరలో కలిసే చోట కారుతోందా, మోకాలి వెనక చిన్న సిర కలిసే చోట కారుతోందా, జీఎస్‌వీ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, లోపలి సిరలు తెరుచుకుని ఉన్నాయా, పుండు కింద పర్ఫొరేటర్ (పైసిరను లోపలి సిరతో కలిపే అడ్డ సిర) ఉంటే ఎంత లావు, అరికాలి నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఒక కాలికి పద్ధతిగా చూస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే చూడాల్సింది చూడలేదనే.

ఓరుగల్లు_పోరడు
గిదంత ఎందుకన్నా? నరాల డాక్టర్ దగ్గరికి తీస్కపోతే ఆయనే జెప్తడు గదా.

సీమ_సర్జరీ
పై పోస్టులో ఉండే మాటతోనే సగం మంది దారి తప్పుతారు. మనం నరం అనేది రెంటికీ వాడతాం. నరాల డాక్టర్ అంటే మెదడు, తిమ్మిర్లు, ఫిట్స్ చూసే న్యూరో ఆయన. ఈ ఉబ్బేవి సిరలు, రక్తం గుండెకు తిరిగి పోయే గొట్టాలు. వీటికి వాస్క్యులర్ సర్జన్. ఆయన లేని ఊళ్లో జనరల్ సర్జరీ ఓపీ. పెద్దాసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు జనరల్ సర్జరీ వాళ్లే చేస్తారు. హైదరాబాదు నిమ్స్‌లో వాస్క్యులర్ విభాగం విడిగా ఉండాది.

కట్టు_సిస్టర్
మీరంతా నరం గొడవలో పడ్డారు, పుండు సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి ఇప్పుడు ఏం పెడుతున్నారు?

దోసె_పెనం
ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిన యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, పొద్దున సాయంత్రం బెటడిన్. మధ్యలో పసుపు, వేపాకు కూడా అయ్యాయి. వారం నుంచి చుట్టూ దురద, రసి.

కట్టు_సిస్టర్
అన్నీ ఆపేయండి. సిర పుండు మందు లేక మానకపోవడం కాదు, కిందికి జారిన రక్తం బరువుకి చర్మానికి ఊపిరాడక మానదు. బిగుతు కట్టే దానికి మందు. రోజూ బెటడిన్ పోస్తే కొత్తగా వచ్చే కండ కూడా దెబ్బతినొచ్చు. నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్లు ఈ నల్లబడ్డ చర్మానికి తేలిగ్గా పడవు, మీరు చెప్పిన దురద, రసి అదే కావచ్చు. సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీళ్లతో గానీ కడిగి, పుండుకి అంటుకోని రకం గాజ్ గుడ్డ వేసి, పైన కట్టు. చుట్టూ చర్మానికి ఉత్త వాజెలిన్. యాంటీబయాటిక్ బిళ్లలు కాలు ఎర్రగా, వేడిగా, జ్వరంతో ఉబ్బితేనే.

కానీ కట్టు కట్టేముందు ఒక పరీక్ష తప్పదు. బీడీ తాగే మనిషి. ధమనులు కూడా సన్నబడి ఉంటే బిగుతు కట్టు కాలికే ముప్పు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు, ఏబీఐ అంటారు. 0.8 దాటితే పూర్తి బిగుతు కట్టొచ్చు. 0.5 నుంచి 0.8 మధ్య అయితే బిగుతు తగ్గించి, డాక్టర్ కంటి ముందే. 0.5 కంటే తక్కువైతే కట్టే వద్దు, ముందు ధమనుల సంగతి. షుగర్ వాళ్లలో ధమని గోడలు గట్టిపడి అంకె ఉత్తుత్తిగా ఎక్కువ చూపిస్తుంది, 1.3 దాటిందంటే దాన్ని నమ్మకూడదు.

పొడిదగ్గు
బీడీ అని మొదటే చెప్పింది నేను. రికార్డులో రాయండి.

క్యాష్‌లెస్_కోటి
పాలసీ విషయం. చాలా పాలసీల్లో వేరికోస్ వెయిన్స్, వేరికోస్ పుండు రెండూ 24 నెలల వెయిటింగ్ జాబితాలో ఉంటాయి, అంటే అన్నాళ్లు దాటేదాకా వాటికి క్లెయిము రాదు. హెర్నియా, కాటరాక్ట్, మొలల పక్కనే. అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలోనూ అంతే, పైగా బిల్లులో ఐదు శాతం మనదే. కాబట్టి పద్నాలుగు నెలల పాలసీతో ప్రీ ఆథ్ (ముందస్తు అనుమతి) వేస్తే తిరిగొస్తుంది. "అర్జంట్ అని రాయిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి, వెయిటింగ్ నుంచి మినహాయింపు ప్రమాదాలకే. పాలసీ తీసుకునేటప్పటికే ఉబ్బు ఉండి ప్రపోజల్‌లో చెప్పకపోతే అది ఇంకో తలనొప్పి. డిశ్చార్జి కాగితంలో "పదేళ్లుగా" అని ఒక్క మాట పడితే చాలు.

వెయిటింగ్ దాటినవాళ్లకి ఒక మాట. లేజర్ డేకేర్ కింద వస్తుంది, 24 గంటలు పడుకోవాలనే రూలు దీనికి లేదు. తిరస్కరణ ఎక్కువగా "అందం కోసం చేసుకున్నది" అన్న సాకుతో వస్తుంది. అందుకే డాక్టర్ నోట్‌లో సీఈఏపీ గ్రేడు, అంటే సిరల జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెట్టు, ఉండాలి. సాలెగూడులా సన్న గీతలే ఉంటే సీ1, అది అందం కిందికే పోతుంది. తాళ్లలా ఉబ్బితే సీ2, వాపు సీ3, చర్మం నల్లబడితే సీ4, మానిన పుండు సీ5, మానని పుండు సీ6. మీ నాన్నది సీ6.

మిత్ర_డెస్క్
తెల్ల కార్డు ఉంది కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ దారి చూడండి. కార్డు, ఆధార్, డాప్లర్ రిపోర్టు పట్టుకుని నెట్‌వర్క్ ఆస్పత్రిలో వైద్యమిత్ర డెస్క్‌కి వెళ్లాలి. డాక్టర్ చూసి ఆపరేషన్ పేరు రాస్తే, కాలు ఫొటో, రిపోర్టు ఆన్‌లైన్లో ఎక్కించి అనుమతి అడుగుతారు. ఇక్కడ ఫైలు వెనక్కొచ్చేది ఎక్కువగా మీ దగ్గరున్నలాంటి రెండు లైన్ల రిపోర్టు వల్లే. ఎక్కడ కారుతోందో లేకపోతే ఆపరేషన్ ఎందుకో పై డాక్టర్‌కి అర్థం కాదు, ప్రశ్న వేసి పంపుతాడు.

డెస్క్ దగ్గర "వేరికోస్ వెయిన్స్ వస్తుందా" అని అడగొద్దు. "ఈ ఆస్పత్రిలో ఈ ప్యాకేజీ కింద చేసేది కోతా, లేజరా" అని అడగండి. పథకంలో ఉన్న ఆస్పత్రి అయినంత మాత్రాన అన్ని ప్యాకేజీలూ చేయరు. అనుమతి వచ్చాక స్టాకింగ్స్ (బిగుతు మేజోళ్లు)కనీ, లేజర్ ఫైబర్‌కనీ పైన డబ్బడిగితే ఇవ్వక్కర్లేదు, 104కి ఫోన్ చేయండి. డిశ్చార్జి నాడు పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే, అడిగి తీసుకోండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీకీ దారి ఇంచుమించు ఇదే, అక్కడ డెస్క్‌లో ఉండేది ఆరోగ్యమిత్ర.

ఓరుగల్లు_పోరడు
సర్కారు దవాఖానల కోసి లాగుతరు, నెల రోజులు మంచం మీదనే. మళ్ల రెండేండ్లకు అదే కథ. లేజర్ ఉండంగ గా తిప్పలెందుకు? అప్పు జేసైనా లేజరే జేపియ్యాలె.

సీమ_సర్జరీ
అప్పు చేయమనే ముందు లెక్క చూడప్పా. కోత అంటే ఏందో చెప్తా. నడుముకు మత్తు సూది. గజ్జలో మూడు నాలుగు సెంటీమీటర్ల కోత. జీఎస్‌వీ లోపలి సిరలో కలిసేచోట దాన్నీ, అక్కడ కలిసే చిన్న కొమ్మలన్నిట్నీ విడివిడిగా కట్టేయాల. తర్వాత వైరు దించి సిరను మోకాలి కిందిదాకా మాత్రమే లాగాల. చీలమండ దాకా లాగితే దాని పక్కనే ఆనుకొని ఉండే స్పర్శ నరం దెబ్బతిని కాలి లోపలి పక్క మొద్దుబారుతుంది. పిక్క మీద ఉబ్బులను రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లలోంచి కొక్కెంతో తీసేస్తారు. రెండు మూడు రోజులు వార్డులో. ఆపరేషన్ నాడు సాయంత్రమో మరుసటి పొద్దున్నో నడిపిస్తారు. నెల రోజులు మంచం అనేది ఉత్త మాట, మంచం మీద ఉంటేనే గడ్డ కట్టే భయం. నిలబడే పనికి రెండు మూడు వారాలు ఆగాల.

మళ్లీ వచ్చేది ఎక్కువగా ఎప్పుడంటే, గజ్జలో కట్టి ఊరికే వదిలేసి సిరను లాగకపోతే. లేదా కొమ్మను వదిలేస్తే. లేదా మోకాలి వెనక కారే సిరను డాప్లర్‌లో చూడకుండా గజ్జలో కోస్తే. ఇందులో కత్తి తప్పేముంది?

లీడ్స్_తెలుగోడు
ఇక్కడ ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పాటించే నైస్ సంస్థ మార్గదర్శకం 2013 నుంచీ వరస చెప్పేసింది. మొదట లేజర్ లేదా ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల వేడితో సిర మూయడం). అది కుదరకపోతే ఫోమ్ (నురుగు మందు సూది). అదీ కుదరకపోతేనే కోత. స్టాకింగ్స్ ఒక్కటే వైద్యంగా ఇవ్వడం ఇవేవీ కుదరనివాళ్లకే. కారణం కోత పనికిరాదని కాదు. ఫలితాలు దగ్గరదగ్గరే ఉన్నా వేడి పద్ధతుల్లో నొప్పి, గజ్జ గాయం చీము తక్కువ, పనికి త్వరగా వెళ్లొచ్చు.

పుండు ఉన్నవాళ్ల సంగతి వేరు. 2018లో వచ్చిన ఎవ్రా అధ్యయనంలో 450 మందిని రెండు జట్లు చేశారు. కట్టుతో పాటు రెండు వారాల్లోపే సిరను మూసినవాళ్లకి పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు, ముందు కట్టుతో మానాక చూద్దామన్నవాళ్లకి 82 రోజులు. అంటే పుండు మానాకే ఆపరేషన్ అనే పాత మాట పట్టుకుని కూర్చోకూడదు.

సీమ_సర్జరీ
ఒప్పుకుంటా. కానీ ఆ లెక్కలో 82 రోజులకైనా మానింది కట్టుతోనే. మన దగ్గర ఆ కట్టే సరిగా కట్టరు, లేజర్ గురించి మాత్రం కొట్టుకుంటారు.

కట్టు_సిస్టర్
ఈ మాట ఫ్రేము కట్టించి ప్రతి డ్రెస్సింగ్ రూములో పెట్టాలి.

దోసె_పెనం
లేజర్‌లో అసలు ఏం చేస్తారు? లక్షా నలభై వేలు దేనికి? ఆర్‌ఎఫ్, గ్లూ అని కూడా చెప్పారు, గ్లూ అయితే ఇంకా ఎక్కువట.

డాప్లర్_గది
మోకాలి దగ్గర స్కాన్ చూస్తూ సూదితో సిరలోకి వెళ్లి సన్న ఫైబర్‌ని గజ్జ దాకా తోస్తారు. కొన గజ్జ కలయికకి రెండు సెంటీమీటర్లు ఇవతల ఆగాలి. ఇంకా ముందుకెళ్తే లోపలి సిర నోట్లో గడ్డ కట్టొచ్చు. తర్వాత సిర చుట్టూ చల్లటి సెలైన్‌లో మత్తుమందు, అడ్రినలిన్ కలిపి పొడుగునా ఎక్కిస్తారు, ట్యూమెసెంట్ అంటారు. నొప్పి తెలియదు, సిర ఫైబర్‌కి అతుక్కుంటుంది, వేడి చర్మానికీ నరానికీ తగలదు. ఇది సరిగా ఎక్కించడంలోనే పనితనమంతా. ఆ తర్వాత వెలిగించి మెల్లగా వెనక్కి లాగుతారు. ఆర్‌ఎఫ్‌లో ఏడు సెంటీమీటర్ల ముక్క చొప్పున 120 డిగ్రీల్లో 20 సెకన్లు. రెంటికీ ఫలితంలో పెద్ద తేడా లేదు.

గ్లూ అంటే సిరను జిగురుతో అతికించడం. దానికి ట్యూమెసెంట్ సూదులు ఉండవు, అదే దాని సుఖం. కొందరికి సిర పొడుగునా ఎర్రగా, దురదగా అలర్జీ వస్తుంది, పైగా జిగురు ఒంట్లోనే ఉండిపోతుంది. మీ నాన్నకి డబ్బెక్కువ పెట్టి అది తీసుకోవాల్సిన కారణమేదీ నాకు కనబడట్లేదు.

కొటేషన్‌లో ఇవి అడగండి. ఫైబర్ కొత్తదేనా, ప్యాకెట్ మా ముందు తెరుస్తారా? అది ఒకసారి వాడి పారేసేది. పిక్క మీద ఉబ్బులు తీయడం కలిసే ఉందా? లేజర్ తొడ సిరను మూస్తుంది, కింద మెలికలు అలాగే మిగులుతాయి. వాటికి విడిగా కొక్కెం పనో ఫోమో కావాలి. "లేజర్ చేయించినా ఉబ్బు పోలేదు" అనే గోల సగం ఇక్కడే. వారంలోపు తిరిగి తీసే డాప్లర్ బిల్లులోదేనా? వెన్నుకి మత్తు ఇస్తామంటే ఎందుకని అడగండి. ట్యూమెసెంట్‌తో అయ్యే పని, లేచి వెంటనే నడవాలి.

ఇక కుడి కాలు. బాధ లేదు, చర్మం బాగుంది. దానికి లేజర్ దేనికి? నా లెక్కలో డెబ్బై వేలు అక్కడే తెగ్గోయొచ్చు.

పొడిదగ్గు
ఒకటి కొంటే ఒకటి ఉచితం అనకుండా ఒకటి అడిగితే రెండు అంటగట్టారన్నమాట.

ఓరుగల్లు_పోరడు
ఫోమ్ అగ్గువకు అయితదంట గదా. గది జేస్తే అయిపాయె.

సీమ_సర్జరీ
పోలిడోకనాల్ మందు ఒక వంతు, గాలి నాలుగు వంతులు. రెండు సిరంజిల మధ్య త్రీవే (మూడు దారుల చిన్న గొట్టం) పెట్టి ఇటూ అటూ కొడితే నురుగవుతుంది. అది సిర గోడను కాల్చి మూస్తుంది. ఒక సిట్టింగుకు పది మిల్లీలీటర్లు దాటించరు. చిన్న కొమ్మలకూ, ఆపరేషన్ తర్వాత మిగిలినవాటికీ, పుండు కింద పర్ఫొరేటర్‌కూ బాగుంటుంది. తొడలో లావు సిరకు ఇదొక్కటే పెడితే మళ్లీ తెరుచుకునే అవకాశం ఎక్కువ. గోధుమ రంగు మచ్చలు నెలల తరబడి ఉంటాయి, అది ముందే చెప్పించుకోవాల.

దోసె_పెనం
ఒక భయం. ఆ సిరను మూసేస్తే రక్తం ఎలా తిరుగుతుంది? రేపు గుండె బైపాస్‌కి కాలి సిరే కావాలంటారు కదా?

డాప్లర్_గది
కాలి రక్తంలో దాదాపు తొంభై శాతం లోపలి సిరల్లోంచే వెళ్తుంది. కారే పైసిర పంపు కాదు, చిల్లు. అందుకే లోపలి సిరలు తెరుచుకుని ఉన్నాయా అని ముందు చూసేది. అవి పాత గడ్డతో మూసుకుపోయి ఉంటే పైసిరే దారి, అప్పుడు ముట్టుకోకూడదు. మెలికలు తిరిగి ఉబ్బిపోయిన సిర బైపాస్‌కి ఎలాగూ పనికిరాదు.

దోసె_పెనం
నాలుగు రోజులు పట్టింది. నిలబెట్టి తీసిన రిపోర్టు వచ్చింది. గజ్జ కలయికలో రిఫ్లక్స్ (రక్తం వెనక్కి జారడం) 3 సెకన్లు. జీఎస్‌వీ తొడలో 9 మిల్లీమీటర్లు. మోకాలి వెనక చిన్న సిర మామూలే. లోపలి సిరలు తెరుచుకుని ఉన్నాయి, కారట్లేదు. అరికాలికి 13 సెంటీమీటర్ల పైన పర్ఫొరేటర్ 4 మిల్లీమీటర్లు, కారుతోంది. కుడి కాలు మామూలు. ఏబీఐ 1.0.

డాప్లర్_గది
ఇప్పుడిది రిపోర్టు. పుండుకి కారణం గజ్జలో ఉంది. తొడ సిర మూయాలి. పుండు దగ్గర మూడున్నర మిల్లీమీటర్లు దాటి కారే పర్ఫొరేటర్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటారు, అది అప్పుడే చేయాలా, తర్వాత ఫోమ్‌తో చూడాలా అన్నది సర్జన్ ఇష్టం. కుడి కాలి లేజర్ మాత్రం కొట్టేయండి.

సీమ_సర్జరీ
కార్డు మీద లేజర్ చేసే నెట్‌వర్క్ ఆస్పత్రి దొరికితే అది. దొరక్కపోతే పెద్దాసుపత్రిలో కోత, నిశ్చింతగా. డెబ్బై వేల అప్పుతో లేజర్ కంటే రెండు వారాల్లో ఉచితంగా కోత మేలు. ఆర్నెల్ల తర్వాత ఉచిత లేజర్ కంటే ఇప్పుడు కోత మేలు. కట్టు మాత్రం రేపే.

ఓరుగల్లు_పోరడు
సరే, ఒప్పుకున్న. అప్పు మాట ఎనక్కి తీస్కుంటున్న.

దోసె_పెనం
రేపు పెద్దాసుపత్రి సర్జరీ ఓపీ. మందుల షాపులో తెల్లటి పొడుగు స్టాకింగ్ ఇచ్చాడు, ఇది వేయొచ్చా?

కట్టు_సిస్టర్
వద్దు. అది మంచం మీద ఉన్న పేషెంట్లకి గడ్డ కట్టకుండా వేసేది, నడిచే మనిషికి ఆ బిగుతు చాలదు. పుండు మానేదాకా స్టాకింగ్ కంటే కట్టే నయం. మానాక మోకాలి కింది దాకా క్లాస్ 2, 23-32 ఎంఎంహెచ్‌జీ. పొద్దున్నే వాపు లేనప్పుడు చీలమండ సన్నటి చోటా, పిక్క లావు చోటా టేపుతో కొలిచి తీసుకోవాలి, చెప్పు సైజు చూసి కాదు. వేళ్లు తెరిచి ఉండే రకమైతే పాదానికి పాలిథిన్ కవరు తొడిగి దాని మీదుగా ఎక్కించి, తర్వాత కవరు ముందు నుంచి లాగేయండి. ఆర్నెల్లకి సాగిపోతుంది, మార్చాలి.

కట్టు ఇలా. నిద్ర లేవగానే, కాలు కింద పెట్టకముందే. పాదం పిక్కకి లంబంగా పట్టించి, ముందు దూది రోలు ఒక పొర, ఎముక పొడుచుకొచ్చిన చోట రెండు పొరలు. తర్వాత కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలికి రెండు వేళ్ల కింది వరకు. మడమ బయటికి కనబడకూడదు, అక్కడ వదిలేస్తే అక్కడే ఉబ్బుతుంది. ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడాలి, పైకంతా ఒకే లాగుడు. పిక్క దగ్గర ఎక్కువ లాగితే రక్తం కిందే ఆగుతుంది. మామూలు క్రేప్ మధ్యాహ్నానికి వదులైపోతుంది, షార్ట్ స్ట్రెచ్ (తక్కువ సాగే) బ్యాండేజీ అని అడిగి తెచ్చుకోండి. కట్టాక వేళ్లు నీలంగానో చల్లగానో అయినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయాలి.

పొడిదగ్గు
పెనం దగ్గర ఈ ఎండల్లో అంత కట్టు ఉంచుకుంటాడా పెద్దాయన?

కట్టు_సిస్టర్
ఉంచుకోరు, తెలుసు. అందుకే పెనం పక్కన ఒక స్టూలు వేయమనండి. గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చుని పాదం పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించాలి, పిక్క కండే రక్తాన్ని పైకి నెట్టే పంపు. రాత్రి మంచం కాళ్ల వైపు రెండు ఇటుకలు. ఇంకోటి, ఉబ్బిన సిర ఎక్కడైనా పగిలి రక్తం చిమ్మితే తొడకి తాడు కట్టొద్దు. వెంటనే పడుకోబెట్టి, కాలు ఎత్తి, గుడ్డతో చిమ్మే చోటే గట్టిగా పది నిమిషాలు నొక్కిపట్టి, తర్వాత ఆస్పత్రికి.

దోసె_పెనం
ఓపీ అయింది. పదకొండో రోజు ఆపరేషన్ తేదీ ఇచ్చారు, గజ్జలో కోత, పిక్క ఉబ్బులు కూడా. వైద్యమిత్ర దగ్గర ఫైలు ఒక్కసారికే వెళ్లింది. కట్టు పొద్దున అమ్మ కట్టింది, మధ్యాహ్నానికి చీలమండ దగ్గర జారి ముడతలు పడింది. విప్పి మళ్లీ కట్టాలా, పైన ఇంకో చుట్టు వేయాలా?

కట్టు_సిస్టర్
విప్పండి. ముడత ఉన్నచోట చర్మం తెగుతుంది, దాని మీద ఇంకో చుట్టేస్తే ఇంకా తెగుతుంది. కాలు పావుగంట ఎత్తి పెట్టి మళ్లీ మొదటి నుంచి. మడమ దగ్గర ఎనిమిది అంకెలా తిప్పమనండి అమ్మగారిని, జారదు.

పొడిదగ్గు
బీడీ ఎన్నికి తగ్గింది?

దోసె_పెనం
ఆరు నుంచి నాలుగు. అదీ అమ్మ లెక్క.